చింటూ విషయం, అమ్మలూ

అమ్మలూ,

నీ మెసేజ్ పొద్దున్నే చూశా. ఫోన్ చేద్దామనుకుని ఆగిపోయా, ఫోన్లో అయితే నువ్వు ఏడుస్తావు, నేను సగం మాటలు మింగేస్తా, అందుకే ఇలా కూర్చుని టైప్ చేస్తున్నా. మీ పెద్దమ్మ పక్కనే ఉండి ఇది కూడా రాయండి అది కూడా రాయండి అంటోంది, కాబట్టి పొడుగే అవుతుంది, తీరిగ్గా చదువుకో.

చింటూకి 13 ఏళ్ళు దాటాయి. లాబ్రడార్లు మామూలుగా 10 నుంచి 13 ఏళ్ళు బతుకుతాయి, అంటే మీరు దానికి ఏ లోటూ చెయ్యలేదు, అది ముందు మనసులో పెట్టుకో. వెనక కాళ్ళు పడిపోయాయి, కిడ్నీలు పోయాయి, క్రియాటినిన్ (కిడ్నీ ఎంత పాడైందో చెప్పే రక్తపరీక్ష లెక్క) తగ్గట్లేదు, రోజు మార్చి రోజు సెలైన్ ఎక్కిస్తే గానీ తల ఎత్తట్లేదు అని రాశావు. నేను 33 ఏళ్ళు పశువుల ఆసుపత్రుల్లో చేశా, డాక్టర్ని కాదు, డాక్టరు గారి పక్కన నిలబడి జంతువుని పట్టుకునే మనిషిని, ఆ పట్టుకోవడంలోనే నాకు తెలిసిందంతా తెలిసింది. ఈ దశకొచ్చిన కుక్క మళ్ళీ లేచి ఇల్లంతా తిరగడం నేనైతే చూళ్ళేదు. ఏళ్ళ తరబడి పాడవుతూ వచ్చిన కిడ్నీ మళ్ళీ బాగుపడదమ్మా. సెలైన్ ఎక్కిస్తే ఒంట్లో చేరిన విషం కాస్త పలచబడుతుంది, ఒకటి రెండ్రోజులు తేటగా కనపడుతుంది, మనకి ఆశ పుడుతుంది, మళ్ళీ మొదలు.

తమ్ముడు డిసెంబరు 20కి వస్తాడట, అప్పటిదాకా లాగగలమా పెదనాన్నా అని అడిగావు. ఇంకా ఆరు వారాలుంది. వద్దమ్మా, అంతదాకా లాగొద్దు, డాక్టరు గారి చేత సూది వేయించి నొప్పి లేకుండా పంపించేద్దాం. ఈ ఒక్క మాట చెప్పడానికే ఇంత ఉత్తరం రాస్తున్నా.

మా టైగర్ నీకు గుర్తుండే ఉంటుంది, ఎర్రది, నాటు కుక్క, వేసవి సెలవుల్లో నువ్వొస్తే నీ వెనకాలే దొడ్డంతా తిరిగేది. 2007లో దానికి పొట్టలో గడ్డ అన్నారు. అప్పటికి మీ అన్నయ్య అమెరికా వెళ్ళి ఏడాది. నాన్నా నేనొచ్చేదాకా ఉంచండి, టికెట్ బుక్ చేశా, 19 రోజులే కదా అన్నాడు. నాకు తెలుసు, ఎన్ని జంతువుల్ని ఆ టేబుల్ మీద చూశాను నేను, రేపటికి కూడా ఆగకూడదని దాన్ని చూస్తేనే తెలుస్తోంది. అయినా కొడుకు మాట కాదనలేకపోయా. 19 రోజులు. ఎనిమిదో రోజు నుంచి తిండి మానేసింది, తొడ కింద పుండు పడింది, ఒక్క రాత్రి నేను డ్యూటీలో ఉండి చూడకపోతే తెల్లారేసరికి పుండులో పురుగులు. మీ పెద్దమ్మ కూర్చుని ఒక్కోటి తీసింది, అది కనీసం మూలగలేదు, మూలిగే ఓపిక కూడా లేదు. అన్నయ్య మంగళవారం మధ్యాహ్నం దిగాడు, తోక ఒక్కసారి నేలకి కొట్టింది, అంతే. ఆ రాత్రి నాలుగుసార్లు ఫిట్స్ వచ్చాయి, డాక్టరు గారు వచ్చేలోపు తెల్లవారుజామున పోయింది. వాడు నా మొహం చూసి "నా కోసం దీన్ని ఇలా ఉంచారా నాన్నా" అన్నాడు. తప్పు వాడిది కాదు, వాడు అంత దూరం నుంచి ఏం చూడగలడు. చూస్తున్నవాణ్ణి నేను. వాడికి సరిగ్గా చెప్పాల్సింది నేను, చెప్పలేదు.

అందుకని మీ తమ్ముడికి నువ్వు చెప్పు, లేదా నన్ను చెప్పమంటే నేను చెప్తా. వాడు ఇంటర్‌లో ఉండగా అట్టపెట్టెలో తెచ్చిన పిల్ల, సీసాతో పాలు పట్టాడు, రావాలని ఉండదా మరి. బాగున్న రోజు ఫొటోలు కాదు, చింటూ లేవలేక జారిపడే వీడియో పంపు, క్రూరంగా అనిపించినా పంపు. తర్వాత వీడియో కాల్‌లో మాట్లాడించు. ముసలి కుక్కలకి చెవి మందగిస్తుంది కాబట్టి ఫోన్ దగ్గరగా పెట్టు, గొంతు పోల్చకపోయినా బాధపడకండి, వాటి లోకమంతా వాసనే. వాడి పాత చొక్కా ఉతకనిది ఏదైనా బీరువాలో ఉంటే తీసి చింటూ మూతి దగ్గర పెట్టు, నువ్వే చూస్తావు.

ఇక ఆ రోజు వచ్చిందని ఎలా తెలుస్తుంది అన్నావు చూడు, అదే అందర్నీ తినేసే ప్రశ్న. కుక్క నొప్పిని అరిచి చెప్పదు. మూలుగు వినపడట్లేదు కదా బాగానే ఉంది అనుకుంటాం. చల్లగా ఏసీలో పడుకుని ఉన్నా వగరుస్తోందా, రాత్రి పడుకోలేక మాటిమాటికీ తల ఎత్తి దించుతోందా, మీరు పిలిస్తే చూపు తిప్పుతోంది గానీ కళ్ళల్లో ఏమీ లేదా, ముట్టుకుంటే ఒళ్ళు బిగపడుతోందా, ఒంటరిగా మూలకి పోవాలని చూస్తోందా, ఇవన్నీ నొప్పే. కిడ్నీ జబ్బులో నోటి నుంచి ఒక రకం ఘాటు వాసన వస్తుంది, చిగుళ్ళ మీద పుళ్ళు పడతాయి, ఆకలున్నా తినలేదు. అన్నం దగ్గరికొచ్చి వాసన చూసి వెనక్కి వెళ్ళిపోతోంది అన్నావే, అది మారాం కాదమ్మా, వికారం.

అమెరికాలో ఆలిస్ విలలోబోస్ అని ఒక పశువైద్యురాలు 2004లో దీనికోసమే ఒక పట్టిక తయారుచేశారు, నొప్పి, ఆకలి, నీళ్ళు, శుభ్రం, సంతోషం, నడక, చెడ్డ రోజుల కన్నా మంచి రోజులు ఎక్కువున్నాయా లేదా, ఈ ఏడింటికీ పదేసి మార్కులు, 35 దాటితే ఇంకా చూసుకోవచ్చు అని లెక్క. మీ డాక్టరు గారినడిగి అది వేసుకో. నేను మా కుక్క జూలీకి ఇంకా సులువుగా చేశా, వంటింట్లో తెలుగు క్యాలెండరు ఉంటుంది కదా, ఆ గళ్ళలో మంచి రోజుకి టిక్కు, చెడ్డ రోజుకి ఇంటూ, రాత్రి పడుకోబోయే ముందు. ఎందుకంటే మన జ్ఞాపకం మనల్ని మోసం చేస్తుంది, నిన్న సాయంత్రం ఒక బిస్కెట్ తింటే వారమంతా తిన్నట్టే గుర్తుంటుంది. కాగితం మీద వరసగా తొమ్మిది ఇంటూలు చూశాక మీ పెద్దమ్మ తనే అంది, ఇక చాలండి అని. ఇంకో డాక్టరు మాట కూడా వినాలని ఉంటే గన్నవరం వెటర్నరీ కాలేజీ ఆసుపత్రి మీకు దగ్గరే, రిపోర్టులు మాత్రం పట్టుకెళ్ళు, దాన్ని ఊరికే తిప్పకు.

ఈ ఉన్న నాలుగు రోజులూ ఎలా చూడాలో చెప్తా. టైల్స్ మీద కాలు జారడం దానికి పెద్ద భయం, యోగా మ్యాట్లు, పాత గోనెసంచులు, ఏవైనా పరిచెయ్. లేపేటప్పుడు చంకల్లో చేతులు పెట్టి లాగొద్దు, పెద్ద టవల్ పొట్ట కింద నుంచి వేసి రెండు కొసలూ పట్టుకుని పైకి లేపు, నడుము మీద భారం పడదు. మూడు నాలుగు గంటలకొకసారి పక్క మార్చు, రాత్రి కూడా, మీ ఆయనా నువ్వూ వంతులేసుకోండి. ఉచ్చ పోసుకుంటే కోప్పడకండి అని నీకు చెప్పక్కర్లేదు గానీ అది సిగ్గుపడుతుంది, చూశావా చెవులు వెనక్కి పెట్టుకుని మొహం తిప్పుకుంటుంది, అప్పుడు నువ్వు మామూలుగా మాట్లాడుతూ తుడిచెయ్యి. కింద తడి ఉండనివ్వొద్దు, తడి ఉంటే పుండు, పుండు ఉంటే ఈగ, మన ఎండల్లో ఈగ వాలిందంటే ఒక్క రోజులో పురుగు. తోక కిందా తొడల సందుల్లో రోజుకి రెండుసార్లు టార్చ్ వేసి చూడు, ఎర్రగా కనపడగానే డాక్టరు స్ప్రే ఇస్తారు.

ఒక్కటి గట్టిగా చెప్తున్నా, నొప్పికి ఇంట్లో ఉన్న మాత్రలు వెయ్యొద్దు. మనం వేసుకునే ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ కుక్క కడుపులో రక్తం కారేలా చేస్తాయి, ఉన్న కాస్త కిడ్నీని కూడా లాగేస్తాయి. డైక్లోఫెనాక్ అయితే పశువులకి వాడకుండా 2006లో మన దేశంలో ఆపించేశారు, ఆ మందు వేసిన గొడ్డు చచ్చిపోతే దాన్ని తిన్న రాబందులు కిడ్నీలు పాడై కుప్పలుగా పోయాయి, మా చిన్నప్పుడు ఊరి బయట ఎన్ని ఉండేవో, ఇప్పుడు ఒక్కటీ లేదు. డబ్బు గురించి కూడా డాక్టర్ని మొహమాటపడకుండా అడుగు, సెలైన్లకీ టెస్టులకీ ఎంతవుతోందో నాకు తెలుసు, డబ్బు లెక్క చూసుకున్నంత మాత్రాన ప్రేమ తక్కువని కాదు.

ఇప్పుడు పాపం సంగతి. మీ అత్తగారు అన్నారట కదా, ఇంట్లో పెరిగిన జీవిని చేతులారా చంపించడమేంటి, దాని కర్మ ఎంత ఉంటే అంత అని. పెద్దావిడ, నమ్మకం అది, ఎదురు చెప్పకు. నాకూ మొదట్లో అలాగే ఉండేది, సర్వీసులో చేరిన కొత్తలో ఇంజెక్షన్ ఇచ్చే రోజు పొద్దున్న అన్నం తినేవాణ్ణి కాదు. తర్వాత్తర్వాత అర్థమైందేంటంటే, సెలైన్ పెట్టి మనమే ఆపుతున్నాం, మాత్ర వేసి మనమే ఆపుతున్నాం, దాని కర్మకి దాన్ని వదిలెయ్యడం ఎప్పుడో మానేశాం. ఆపడానికి అడ్డురాని పాపం వదలడానికి ఎందుకు అడ్డొస్తుంది. అత్తగారికి ఇంకేం వివరించకు, చివర్లో తులసి నీళ్ళు ఆవిడ చేత్తో పొయ్యమని అడుగు, పోస్తారు, ఆవిడకి కూడా చింటూ అంటే ప్రాణమే కదా. మైల ఉంటుందా అని కూడా అడిగావు, మనుషులకి పట్టే మైల జంతువుకి మనవాళ్ళెవరూ పట్టలేదు, ఇల్లు కడిగి తలస్నానం చేసి దీపం పెట్టుకోండి, సరిపోతుంది. మంచి రోజు, అమావాస్య అవీ చూడొద్దు. ఒక్కటే చూసుకో, పాప పుట్టినరోజుకి, పండక్కి ఆనుకుని పెట్టకు, ప్రతి ఏడూ ఆ రోజు తిరిగొస్తుంది.

డాక్టరు గారిని ఇంటికి రమ్మను. కారెక్కించి ఆసుపత్రి టేబుల్ మీద పడుకోబెట్టడం చింటూకి భయం, డబ్బులు కాస్త ఎక్కువైనా ఇంటికే. పిలిచే ముందు నువ్వు అడగాల్సింది ఒక్క ప్రశ్న, ముందు మత్తు ఇస్తారా అని. ఇస్తాను అంటేనే ఒప్పుకో. మత్తు లేకుండా నేరుగా ఏదో ఒకటి పొడిచేసి పని ముగించే వాళ్ళు కూడా ఉన్నారు, నేను చూశా, అది చావు కాదు హింస. 1960 నాటి జంతువుల చట్టంలో కుక్క గుండెలోకి స్ట్రిక్నిన్ అనే విషం పొడిచి చంపడం నేరమని పేరు పెట్టి మరీ ఉంది, ఒకప్పుడు వీధి కుక్కల్ని అలాగే చంపేవాళ్ళు కాబట్టే రాయాల్సొచ్చింది.

సరిగ్గా చేస్తే ఎలా జరుగుతుందో చెప్తా, ముందే తెలిస్తే బెదరవు. సంతకం కాగితం ముందే తీసుకుంటారు, అది పక్క గదిలో కానివ్వు. మొదట కండకి మత్తు సూది, పది పదిహేను నిమిషాల్లో తల వాల్చేస్తుంది. ఈ మందుకి కొన్నిటికి వాంతి వస్తుంది, అందుకని చివరిసారి అని గిన్నెడు చికెన్ అప్పుడే పెట్టకు, పెట్టాలనుకుంటే ముందు పూట పెట్టు, సూదికి ముందు చేతి మీద కాస్త నాకించు చాలు. తర్వాత ముందు కాలి మీద వెంట్రుకలు తీసి నరానికి సూది పెడతారు, అందులోంచి థయోపెంటోన్ లాంటి మందు ఇస్తారు, ఆపరేషన్లకి వాడే మత్తే, మోతాదు మాత్రం బాగా ఎక్కువ. నిద్ర లోతుకి పోతుంది, ఊపిరి ఆగుతుంది, గుండె ఆగుతుంది, రెండు మూడు నిమిషాలు అంతే. ఆ తర్వాత ఒకటి రెండుసార్లు గట్టిగా ఊపిరి లాగినట్టు అవుతుంది, కండరాలు అదురుతాయి, ఉచ్చ వస్తుంది, కళ్ళు తెరుచుకునే ఉంటాయి, మూస్తే మూతపడవు. బతికే ఉందేమో అని నీ గుండె ఝల్లుమంటుంది, కాదమ్మా, అది ఒంటి పని, అందులో చింటూ లేదు. డాక్టరు గారు స్టెత్ పెట్టి చెప్పేదాకా ఆగు.

నువ్వు గదిలోనే ఉండు. చూడలేను పెదనాన్నా అంటావు, తెలుసు. ఆసుపత్రిలో ఎంతమంది బల్ల మీద పడుకోబెట్టి బయటికెళ్ళిపోయేవాళ్ళో, వాళ్ళని తప్పు పట్టను, కానీ నేను పట్టుకుని ఉండేవాణ్ణి కదా, ఆ కుక్కలన్నీ ఒకటే పని చేసేవి, మత్తు ఎక్కేదాకా తల తిప్పి తలుపు వైపు చూస్తూ ఉండేవి. 2019లో జూలీ పోయినప్పుడు తల మీ పెద్దమ్మ ఒళ్ళో ఉంది, సాయంత్రం పూట, వరండాలో, పక్కింట్లో ఎవరో మిక్సీ వేస్తున్నారు, మీ పెద్దమ్మ దాంతో రోజూ మాట్లాడే పిచ్చి మాటలే మాట్లాడింది, ఏమే తిన్నావా, ఎక్కడెక్కడ తిరిగొచ్చావే అని. జూలీ తలుపు వైపు చూడలేదు. నువ్వు తల దగ్గర కూర్చో, చెవుల వెనక దానికి ఇష్టమైన చోట నిమురుతూ ఉండు, పెద్దగా ఏడిస్తే అది కంగారు పడుతుంది, మత్తు ఎక్కేదాకా ఓర్చుకో, ఎక్కాక నీ ఇష్టం.

తర్వాత పని త్వరగా అవ్వాలి. రెండు మూడు గంటల్లో ఒళ్ళు బిగుసుకుపోతుంది, ఆలోపే కాళ్ళు ముడిచి పడుకున్నట్టు సర్దు, లేకపోతే గోతిలో పట్టదు, వంచాల్సొస్తుంది, అది చూడలేరు. బెల్టు తీసి దాచుకో. కింద పాత దుప్పటి, పైన కాటన్ దుప్పటి చుట్టు, ప్లాస్టిక్ కవర్ మాత్రం వద్దు, మట్టిలో కలవదు. హైదరాబాద్‌లో అయితే ఫతుల్లాగూడలో పెంపుడు జంతువుల దహనానికి ఏర్పాటు ఉంది, అది మీకు దూరం, మీ అపార్ట్‌మెంట్‌లో పిడికెడు మట్టి లేదు కాబట్టి ఇక్కడికి తెచ్చెయ్యండి, తెనాలికి గంట ప్రయాణం. చేలో వరి ఉంది, నీళ్ళున్నాయి, అక్కడ కుదరదు, గడ్డివాము వెనకాల మెట్టగా ఉన్న చోట తవ్విద్దామనుకుంటున్నా, బోరుకి దూరం, జూలీ కూడా అక్కడే ఉంది. నాలుగడుగుల లోతు తీయించాలి, రెండడుగులు తీసి వదిలేస్తే ఊర కుక్కలు రాత్రికి రాత్రే తవ్వేస్తాయి, ఇంజెక్షన్ మందు ఒంట్లో ఉంటుంది కదా, తిన్నవి కూడా పోతాయి. ఉప్పు, సున్నం చల్లి మట్టి పూడ్చి పైన బండరాళ్ళు, తుమ్మకంప వేస్తా. అదంతా నాకు వదిలెయ్.

పాపకి నిజం చెప్పండి. చింటూ నిద్రపోయింది అనొద్దు, ఆరేళ్ళ పిల్ల, రాత్రి పడుకోవడానికి భయపడుతుంది. ఊరికి పంపించాం అనొద్దు, ప్రతి ఆదివారం ఊరు తీసుకెళ్ళమంటుంది, అబద్ధం మీద అబద్ధం అవుతుంది. చింటూకి ఒళ్ళు బాగా పాడైంది, మందులతో తగ్గట్లేదు, చచ్చిపోతుంది, నొప్పి లేకుండా చచ్చిపోయేలా డాక్టరు సాయం చేస్తారు అని చెప్పు. సూది దగ్గర వద్దు గానీ మట్టి వెయ్యడానికి వస్తానంటే రానివ్వు, రానంటే బలవంతపెట్టకు.

కుక్కే కదా, ఇంకోటి తెచ్చుకోండి అనేవాళ్ళు నీకు పది మంది తగులుతారు, మంచి మనసుతోనే అంటారు, ఊ అని ఊరుకో. కొత్త కుక్కపిల్లని మాత్రం వెంటనే తేవొద్దు, దాన్ని చూసి చింటూ కాదే అనుకుంటే ఆ పసిదానికి అన్యాయం. మిగిలిన సెలైన్లు, మందులు డాక్టరు గారికే ఇచ్చెయ్, ఎవరి కుక్కకో పనికొస్తాయి.

నాకు అసలు బెంగ మీ నాన్న గురించి. వాడేమీ మాట్లాడట్లేదు అన్నావు. చిన్నప్పటి నుంచీ అంతే, మా నాన్న పోయినప్పుడు కూడా పందిరి వాళ్ళకి డబ్బులు లెక్కపెట్టి ఇస్తూ కూర్చున్నాడు. రిటైరయ్యాక రోజూ ఐదింటికి లేచి చింటూని కాలవ గట్టు దాకా తిప్పుకొచ్చేది వాడే. చింటూ పోయినా వాడికి ఐదింటికి మెలకువ వస్తుంది, గొలుసు మేకుకి వేలాడుతూ ఉంటుంది. అది తీసి దాచొద్దు, వాడే తీస్తాడు ఎప్పుడో. ఒక పది పదిహేను రోజులు నేను మీ దగ్గరే ఉండి వాడితో పాటు నడుస్తా, మాట్లాడితే మాట్లాడతాడు, లేకపోతే లేదు.

డాక్టరు గారికి శనివారం సాయంత్రానికి చెప్పు. మేమిద్దరం శుక్రవారం బండికే వస్తున్నాం. మీ పెద్దమ్మ గేదె పెరుగు తోడేసి క్యాన్‌లో తెస్తానంటోంది, ఇక్కడికి వచ్చినప్పుడల్లా చింటూ ఆ గిన్నె చుట్టూనే తిరిగేది కదా. శనివారం పొద్దున్న ఓ రెండు ముద్దలు మెత్తగా కలిపి నేనే పెడతా, తిన్నంత తింటుంది.

పెదనాన్న